రాయి పలికినంతసేపు

కొండ కడుపులో సొరంగం తవ్వుతున్నారు. తవ్వి తీసిన రాయి ఎంత బరువు ఓర్చుకుంటుందో చూసే గది కూడా అక్కడే, ఒక పక్కకు తొలిచి కట్టింది. ఆ పని చేసేది రాళ్లక్క.

ఆ రాత్రి ఒక్కతే ఉంది. రాతిముక్కకు చిన్న మైకు అంటించి, యంత్రం కింద పెట్టి, బరువు పెంచింది. హెడ్‌ఫోనులో చిటుక్కు, చిటుక్కు. కంటికి కనపడని పగుళ్లు లోపల ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.

"రాయి వాగినంతసేపు భయంలేదు, మా ఆయనలాగే. మూగనోము పట్టిందంటేనే పారిపోవాలి" అని కొత్తవాళ్లను నవ్వించేది.

రాయి మూగబోయింది. ఫెళ్లున పగిలింది.

యంత్రం ఆపి, ముక్కలు ఊడ్చేసి, ఎక్కడైనా పారేసుకుంటానని మైకును అలవాటుగా గది రాతిగోడకు అంటించింది. హెడ్‌ఫోను మెడ మీదికి జార్చబోతుంటే వినిపించింది.

చిటుక్కు.

గబగబా వెళ్లి తలుపు లాగింది. రాలేదు.

"తమ్ముడూ, బయట గడియ పెట్టావా?"

"లేదక్కా" అన్నాడు కాపలా అతను. "నువ్వు లాగు, నేను తోస్తాను." తోశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, లోపల ఎవరో ఆనుకుని ఉన్నట్టుంది. నీతో ఇంకెవరున్నారు?"

ఆమె తలెత్తి చూసింది. తలుపు చట్రం పైకమ్మీ విల్లులా కిందికి వంగి, తలుపును నొక్కిపట్టి ఉంది.

మెడలో హెడ్‌ఫోను పొయ్యిలో పుల్లల్లా చిటపటలాడుతూనే ఉంది.

ఉన్నట్టుండి అదీ మూగనోము పట్టింది.