వరాలు టీకా

ఇప్పుడు లంక గ్రామాల్లో బోదకాలు అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. పుట్టిన ప్రతి బిడ్డకూ దాని టీకాను రేషన్ బియ్యం ఇచ్చే డిపోలోనే వేసేస్తారు. ఆ జబ్బు మిగిలింది ఎనభై ఏళ్ల నూకరత్నం ఒక్కదానికే. ఆ రోజు మనవరాలితో కలిసి, దాని పసిబిడ్డకు టీకా వేయించడానికి ఆమె బరువైన కాలు ఈడ్చుకుంటూ డిపోకు వచ్చింది.

నర్సు సువార్త సూది గుచ్చగానే పసిది గుక్కపెట్టి ఏడ్చింది. నూకరత్నం బిడ్డను తల్లికి అందించి, తన జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

“నాకూ ఒకటి వెయ్యమ్మా.”

“వేయొచ్చు గానీ మామ్మా, వచ్చేసిన కాలు దీంతో తగ్గదండి.”

“కాలు కోసం కాదే. మా చెల్లి వరాలూ నేనూ ఒకే చాప మీద పడుకునేవోళ్లం. ఇద్దర్నీ అవే దోమలు కుట్టాయి. నాకు కాలొచ్చింది, దానికి రాలేదు. ఎందుకు రాలేదో చూత్తామని డాక్టర్లు ఏడేళ్లు దాని రక్తం పట్టుకెళ్లారు. అది చూసే ఈ మందు కనిపెట్టారంట. వరాలు పోయి ఇరవయ్యేళ్లయింది.”

“ఇందులో ఆవిడ రక్తం ఉండదు మామ్మా,” అంది సువార్త.

“తెలుసమ్మా. అయినా ఊళ్లో ప్రతి బిడ్డకీ మా చెల్లే కాపలా కాత్తంది. నా దగ్గరికి ఒక్కసారైనా రావద్దా?”

సువార్త కొత్త సూది తీసింది. మందు ఎక్కుతున్నంతసేపూ నూకరత్నం కళ్లు మూసుకునే ఉంది. దూది పెట్టబోతే వద్దని, ఆ చోటును తన అరచేత్తో కప్పుకుంది.

“వచ్చావా వరాలూ,” అంది.