తుమ్మచెట్టు కింద చోటు

తెల్ల పికప్ ఒకటి తారురోడ్డు దిగి నేరుగా తమవైపే రావడం చూసి, గుడారం మేకు కొడుతున్న మిషారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఈ చోటు సంగతి ఎవరికీ తెలియకూడదు.

హాయిల్ ఊరికి ఎంతో దూరం లేదు. తుమ్మచెట్టు నీడన నిలబడితే ఊరి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. చలికాలం వస్తే చాలు, సెలవు రోజున జనం ఎర్ర ఇసుక దిబ్బల్లోకి పోతారు. ఎంత లోపలికి పోతే అంత గొప్ప. మిషారి మాత్రం ఏరి ఏరి ఈ ఊరి పక్క చోటునే ఎంచుకున్నాడు. ఇక్కడైతే ఫోన్ సిగ్నల్ అందుతుంది. శుక్రవారం జైలు నుంచి తమ్ముడు సత్తామ్ ఫోన్ చేస్తాడు. ఆ గొంతు వినకపోతే అమ్మ ముద్ద ముట్టదు.

సత్తామ్‌కు మరణశిక్ష పడింది.

మూడు చలికాలాల కిందట దిబ్బల్లో గుడారం వేసుకునే చోటు కోసం, జాబిర్ అనే కుర్రాడితో సత్తామ్‌కు మాటా మాటా పెరిగింది. సత్తామ్ చేతిలో మేకులు కొట్టే సుత్తి ఉంది.

అంతే.

జాబిర్ తండ్రి క్షమించానంటే శిక్ష ఆగిపోతుంది. ఆయన అనలేదు. వెళ్లిన పెద్దమనుషులను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. కోర్టుకు కూడా తను రాకుండా వకీలునే పంపాడు.

అప్పటినుంచి అమ్మ గడప దాటలేదు. ఈ రెండు రోజులైనా ఆమెకు కాస్త ఆకాశం చూపిద్దామని మిషారి ఆశ. కానీ తమ్ముడు చావుకు ఎదురుచూస్తుంటే అన్న షికారుకు వచ్చాడని తెలిస్తే ఊరు ఊరుకోదు. ఎవడో ఒకడు వీడియో తీసి అందరి ఫోన్లలోకీ తోస్తాడు. అందుకే చోటు ఒక్కడికే చెప్పాడు. బాబాయి కొడుకు రాకాన్‌కు. ఒకే కంచంలో తిని పెరిగినవాడు.

పికప్ ఆగింది. తలగుడ్డతో మొహం సగం కప్పుకున్న ముసలాయన దిగి సలాం చెప్పాడు.

దారి తప్పినవాడిలా లేడు. పని మీద వచ్చినవాడిలా ఉన్నాడు.

రాకాన్ చెప్పేశాడన్నమాట.

అయినా గుడారం ముందుకు వచ్చినవాడు అతిథి. మిషారి సుత్తి పక్కన పెట్టి, చాప పరిచి, కాఫీ పోసి ఇచ్చాడు.

ముసలాయన కప్పు అందుకుని, పెదవికి ఆనించకుండా ముందున్న ఇసుకలో పెట్టాడు.

అలా పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. ‘తాగు పెద్దాయనా, నువ్వడిగింది ఇచ్చినట్టే’ అనాలి. ఏమిటని అడగకముందే అనాలి. మిషారి తండ్రి అయితే ఆ మాట అనడానికి క్షణం ఆలోచించేవాడు కాదు.

మిషారి అనలేదు.

“ఏం కావాలి?” అన్నాడు.

“ఈ చెట్టు కింద చోటు. గుడారం పక్కకు జరుపుకుంటావా?”

“ఇంత ఎడారి ఉంది. నీకు ఇదే కావాల్సొచ్చిందా?”

“ఇంత ఎడారి ఉంది. నువ్వూ జరగొచ్చుగా, నాయనా.”

తెర వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. “ఇచ్చెయ్ రా. అప్పుడూ జానెడు ఇసుక దగ్గరే కదా అంతా.”

“నువ్వుండమ్మా.” మిషారి ముసలాయన వైపు తిరిగాడు. “ఈ చోటు నీకు చూపించింది రాకానేనా?”

“అతనే.”

ఆ ఒక్క మాటతో మిషారి ఒళ్లు మండిపోయింది. తెలియకుండానే సుత్తి మళ్లీ చేతిలోకి వచ్చింది.

“మా అబ్బాయికి ఇలాంటి చెట్టు కింద గుడారం వేయడమంటే ఇష్టం,” అన్నాడు ముసలాయన మెల్లగా.

“అయితే అతన్నే పంపు. ముసలాడివి, నీతో నాకేంటి? వయసువాడైతే తేల్చుకుంటాను.”

ముసలాయన చూపు సుత్తి మీద పడి, అక్కడే ఉండిపోయింది.

మిషారి వంగి, కప్పు తీసి కాఫీ ఇసుకలో పారబోశాడు.

తడి మచ్చ ఇంకిపోయేదాకా ముసలాయన దాన్నే చూశాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఊని లేచాడు.

“మీ అమ్మను చలిలో ఉంచకు,” అని పికప్ ఎక్కాడు.

బండి కదలగానే మిషారి రాకాన్‌కు ఫోన్ చేశాడు. మేం పెట్టిన అన్నం ఏమైందని అడిగాడు. జైల్లో ఉన్నవాడి మీద కూడా నీకు జాలి లేదా అన్నాడు. ఎవరికి అమ్మేశావురా మమ్మల్ని అన్నాడు. నోటికి వచ్చినవన్నీ అన్నాడు.

రాకాన్ అంతా విన్నాక ఒకటే అడిగాడు.

“అన్నా, ఆయన కాఫీ తాగాడా?”

“పారబోశాను.”

“అయ్యో, ఎంత పని చేశావన్నా!”

“ఎవడైతే నాకేంట్రా? ఎవడు వాడు?”

“చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. ఏడాదిగా ఆ గుమ్మంలో కూర్చుంటున్నాను, మొన్న తలుపు తీశాడు,” అన్నాడు రాకాన్.

దూరంగా పికప్ తారురోడ్డెక్కింది. దుమ్ము అణిగిపోయింది.

“వాళ్లు జానెడు ఇసుక వదులుకోగలిగితే, నేనూ సత్తామ్‌ను వదిలేస్తానన్నాడన్నా... జాబిర్ వాళ్ల నాన్న.”