థర్టీఫైవా, ఫిఫ్టీయా?

లిఖిత కిటికీ పక్కన పీట వేసుకుని మునగాకు దూస్తోంది. ఎదురుగా గిరీష్ నేల మీద బోర్లా పడుకుని కెమెరాలోంచి ఆమెనే చూస్తున్నాడు.

"ఏవండీ, పెడన నుంచి మళ్ళీ ఫోన్ చేశారు. ఇవాళ వచ్చి చేరకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"తల కొంచెం ఇటు తిప్పు. ఆఁ, అంతే. కదలకు."

కలంకారీ అచ్చులకు డిజైన్లు గీసే పని అది. అవనిగడ్డ నుంచి రోజూ వెళ్ళి రావడం కుదరదు కాబట్టి, వారమంతా పెడనలో పిన్ని ఇంట్లో ఉండి ఆదివారాలు వస్తానని లిఖిత ఎప్పుడో అడిగింది. గిరీష్ వద్దనలేదు. దేన్నైనా వద్దనే మనిషి కాదతను. "చూద్దాం" అన్నాడు. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాడు.

ఇవాళ మాత్రం అతనికి బొత్తిగా తీరిక లేదు. పెళ్ళి ఫోటోలకు కొత్త లెన్సు కావాలి. తెలిసిన షాపతను రెండు పంపి, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నాడు. ఒకటి థర్టీఫైవ్ ఎమ్మెమ్, ఇంకోటి ఫిఫ్టీ. రెండింటికీ జూమ్ లేదు. మనిషి దగ్గరగా కనపడాలంటే మనమే దగ్గరికి జరగాలి. విజయవాడ వెళ్తూ ఆ రెండోదాన్ని పట్టుకెళ్ళడానికి స్నేహితుడు హరీష్ వచ్చి కూర్చున్నాడు.

"తొందరగా తేల్చు బావా. బస్సు వెళ్ళిపోతుంది."

"లెన్సంటే పెళ్ళాన్ని ఎంచుకున్నంత తేలికనుకున్నావా?"

"విన్నావా చెల్లెమ్మా, మీ ఆయన మాట?"

"విన్నానండీ అన్నయ్యగారూ. నా మాటే ఇంకా ఎవరూ వినలేదు."

"వింటున్నానే బాబూ! సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు గిరీష్, లెన్సు మారుస్తూ.

లిఖిత ఆకు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి నీలం కలంకారీ చీర కట్టుకుని, జడ వేసుకుని వచ్చింది. గిరీష్ మొహం వెలిగిపోయింది.

"చూశావట్రా! చెప్పకుండానే చీర మార్చుకొచ్చింది. ఫోటోగ్రాఫర్ పెళ్ళామంటే అదీ!"

లిఖిత మళ్ళీ పీట మీద కూర్చుంది. "ఆఖరుసారి అడుగుతున్నానండీ. వెళ్ళమంటారా, వద్దంటారా?"

"అబ్బ, ఏం చూస్తున్నావే! ఆ చూపు అలాగే ఉంచు."

ముందు దాంతో నాలుగు, దీంతో నాలుగు తీసి, స్నేహితులిద్దరూ లాప్‌టాప్ ముందు చేరారు. థర్టీఫైవ్‌లో గదంతా వచ్చింది. కిటికీ, దండెం, వీధి గుమ్మం, అన్నీ ఉన్నాయి. ఫిఫ్టీలో లిఖిత మొహం ఒక్కటే ఉంది. వెనకదంతా పొగమంచులో కలిసిపోయింది.

"నా ఓటు థర్టీఫైవ్‌కే బావా. పెళ్ళన్నాక చుట్టూ జరిగేది కూడా కనపడాలి కదా."

"అదేరా దాంతో చిక్కు. అక్కర్లేనివన్నీ కనపడతాయి. ఇదిగో, గుమ్మం దగ్గర ఈ బ్యాగు చూడు, ఫ్రేమంతా పాడు చేసింది. ఫిఫ్టీలో ఉందేమో చెప్పు? మనకి మొహం ముఖ్యం."

"బ్యాగు వంక పెట్టి లెన్సుని తిడతావేంటి? అది తీయించేసి ఒక్కటి కొట్టు. తేలిపోతుంది."

ఈ మాట గిరీష్‌కి సబబుగా తోచింది. ఫ్రేముకి అడ్డొచ్చినవాటిని పక్కకి తీయించడం పెళ్ళిళ్ళలో అతనికి అలవాటైన పనే. థర్టీఫైవ్‌ని మళ్ళీ బిగించి, ఫోటో మీంచి కళ్ళు తిప్పకుండానే కేకేశాడు.

"లిఖితా, ఆ బ్యాగు కాస్త అక్కణ్ణుంచి తీసెయ్."

లిఖిత లేచి బ్యాగు తీసింది. భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది.