కడిగేసిన అడుగులు

బీరువాలో గొలుసు పోయిందని తెలిసేసరికే సుభాషిణి, శుక్రవారం కదా అని, గడప కడిగి పసుపు రాసేసింది. అక్కడున్న బురద అడుగులు పాలాయనవే అనుకుంది.

సాక్షుల్ని అడిగే రోజులు పోయాయి. పోలీసుల జాడయంత్రం వచ్చి, ఇల్లంతా వాసన పట్టి, బీరువా మీద పాప ఆయా గవరమ్మ వేలిముద్రలే చూపించింది. దాని మాటే తీర్పు.

"పాప బట్టలు అందులోంచే తీస్తుందండీ. గడపలో ఎవరివో అడుగులుంటే నేనే కడిగేశాను," అంది సుభాషిణి.

"ఉన్నదే చూస్తుందమ్మా. కడిగేసింది మేమెక్కణ్ణించి తెస్తాం?" అన్నాడు కానిస్టేబుల్.

బండెక్కుతూ గవరమ్మ వెనక్కి తిరిగింది. "పాపకి జ్వరం మందు నా చీర భుజాన వేసుకుని పట్టండమ్మా. లేకపోతే తాగదు."

సుభాషిణి ఆ చీర కప్పుకుంది. పాప దానికి ముఖం ఆనించి, వాసన చూసుకుని, బుద్ధిగా నోరు తెరిచింది.