పదెకరాల పైన, డిగ్రీ

"ఆ ఒకటి తీసెయ్యమ్మా," అన్నాడు అంకమ్మరావు.

స్తుతి ల్యాప్‌టాప్ మీంచి తలెత్తింది. పర్చూరు చుట్టుపక్కల ఏ సభ జరిగినా మైకు అక్కర్లేని గొంతు ఆయనది. మార్చి ఎండలోనూ ఫుల్ చేతుల చొక్కాకి బొత్తాలన్నీ పెట్టుకునే పెద్దమనిషి. అలాంటాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని గుసగుసలాడుతుంటే ఆమెకు వింతగా ఉంది.

"ఏ ఒకటండీ?"

ఆయన వేలు తెరమీద ఓ గడి దగ్గర ఆగింది.

స్తుతి గుంటూరులో పరిశోధన విద్యార్థిని. పల్లెల్లో గృహహింస మీద సర్వే చేస్తోంది. ఆమె పంపిన కాలేజీ పిల్లలు ఈ ఊళ్లో గడపగడపకూ తిరిగారు. ఇంటికొకరిని చీటీ తీసి ఎంచుకుని, చాటుగా కూర్చోబెట్టి అడిగారు. ఈ ఏడాదిలో మీ ఇంట్లోవాళ్లెవరైనా మిమ్మల్ని కొట్టారా? పేర్లు రాయబోమని మాటిచ్చారు, రాయలేదు. జనం కూడా దాచకుండా చెప్పారు.

ఆ పిల్లలకు భోజనం, పడక ఏర్పాటు చేసింది అంకమ్మరావే. వచ్చే వారం గ్రామసభలో నివేదిక చదివిద్దామన్నదీ ఆయనే. "అంకెల్లో మనుషులు కనపడరండీ, శాతాలే కనపడతాయి," అని భరోసా ఇచ్చింది మాత్రం స్తుతి.

మొదటి పట్టికలో నిజంగానే ఎవరూ కనపడలేదు. ఊళ్లో ఐదో వంతు మంది దెబ్బలు తిన్నామన్నారు, అంతే. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ పరిశోధన అన్నాక ఆగుతారా? రెండో పట్టికలో పొలం ఎంతుందో ఒకవైపు, చదువు ఎంతో ఇంకోవైపు పెట్టింది. ఊరంతా గళ్లు గళ్లుగా విడిపోయింది. చిట్టచివరి గడిలో, పదెకరాల పైన, డిగ్రీ అన్నచోట, దెబ్బలు తిన్నవాళ్లు ఒకరు.

"ఒక్కరేగా అండీ. పేరు కూడా లేదు."

"పేరెందుకమ్మా? ఊళ్లో పదెకరాలు దాటినోళ్లవి మూడే ఇళ్లు. ఒకళ్లది వేలిముద్ర. ఇంకొకళ్లు తాళమేసి గుంటూరు బ్రాడీపేటలో ఉంటన్నారు. ఇక మిగిలిందెవరు? ఇది సభలో చదివావంటే కల్లంలో మిర్చి తొడిమలు తీసే కూలోళ్లు కూడా లెక్క కట్టేస్తారు. నా పరువు గంగలో కలుస్తది తల్లీ!"

స్తుతికి ఒళ్లు మండింది. పరువట! దెబ్బలు లేకుండా చేద్దామని కాదు, లెక్కలో లేకుండా చేద్దామని ఈయనగారి తాపత్రయం.

అంతలో ఆయన భార్య సంతోషకుమారి మజ్జిగ తెచ్చింది. ఆయనలాగే ఆవిడా బీఏ. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్లు ఊళ్లో లేరు. గడప మీద ఆవిడ నీడ పడగానే అంకమ్మరావు ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఏంటండీ చూస్తున్నారు?"

"ఏం లేదు. మిర్చి రేటు."

ఎంత చులాగ్గా అబద్ధమాడాడు అనుకుంది స్తుతి. సంతోషకుమారి చల్లగా నవ్వి లోపలికెళ్లింది. ఆ నవ్వు చూసి స్తుతి గుండె తరుక్కుపోయింది.

"పక్క గడిలో కలిపెయ్యమ్మా," మళ్లీ మొదలెట్టాడాయన. "ఐదెకరాల పైన అని అందర్నీ ఒకే వరసలో పడెయ్. నీకు దణ్ణం పెడతా."

విచిత్రమేమిటంటే పాఠ్యపుస్తకాల్లోనూ అదే ఉంది. గడిలో ఒకరే ఉంటే పక్కదానిలో కలిపెయ్యాలి, మనిషి బయటపడకూడదు. స్తుతికి ఆ పాఠం కంఠతా వచ్చు. అయితే అది దెబ్బలు తిన్నవాళ్లను కాపాడటానికి గానీ కొట్టినవాళ్లను కాపాడటానికి కాదు కదా!

"ఆలోచిస్తానండీ," అంది ముక్తసరిగా.

మిర్చి బేరగాడు వచ్చాడని కబురొస్తే ఆయన కల్లానికి వెళ్లాడు. స్తుతి తిన్నగా వంటింట్లోకి నడిచింది. సంతోషకుమారి బెండకాయలు తరుగుతోంది.

"భయపడకండమ్మా. ఇక్కడేం జరుగుతోందో మాకు తెలుసు."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "ఏం తెలుసమ్మా?"

"దెబ్బల సంగతి. ఈ ఇంట్లోంచే మా పిల్లలకు చెప్పారు. పట్టికలోకి ఎక్కింది. ఇక దాన్నెవరూ తుడిచెయ్యలేరు."

"ఈ ఇంట్లోంచా?"

"అవునమ్మా. చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ఏ అవసరమొచ్చినా నాకు ఫోన్ చెయ్యండి."

ఆవిడ కత్తిపీట పక్కకు జరిపింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, స్తుతి తల నిమిరింది.

"మంచి మాట చెవిన వేశావు తల్లీ. ఇక నేను చూసుకుంటాలే. నాకు చెప్పినట్టు ఆయనతో మాత్రం అనకు."

గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న స్తుతికి మనసు తేలికపడింది. మూడేళ్లుగా పట్టికలు గీస్తోంది. అందులో ఒకటి ఒక మనిషికి అండగా నిలబడటం ఇదే మొదటిసారి. ఆ గడిని కలిపేది లేదు. పైగా దాని మీద ప్రత్యేకంగా ఒక పేరా రాయాలి, చదువూ ఆస్తీ ఉన్న ఇళ్లలోనూ ఆడవాళ్ల గతి ఇంతేనని.

పేరాకి ఆధారంగా ఉంటుందని, చిలకలూరిపేట దాటాక ల్యాప్‌టాప్ తెరిచింది. అదే పట్టికను ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా తియ్యమని మీట నొక్కింది.

పదెకరాల పైన, డిగ్రీ, దెబ్బలు తిన్నవాళ్లు: ఆడవాళ్లు సున్నా, మగవాళ్లు ఒకరు.