నోరు తిరగని మాట

“మళ్ళ అను!” ఉమాపతి బిడ్డ ముందట గొంతుక్కూసున్నడు.

ఏడేండ్ల కావ్యకు భయమైంది. అయినా అన్నది: “డొమెస్టిక్ వయలెన్స్.”

నాచారం ఫ్యాక్టరీల డ్యూటీ దిగి, దార్ల రెండు పెగ్గులు ఏసుకోని, చిలకానగర్ ఇంటికి అప్పుడే వచ్చిండు. చెప్పులు ఇడువకముందే ఆ మాట చెవులవడ్డది. హోంవర్క్ పుస్తకం గుంజి సూసిండు. ఇయ్యాల్టి కొత్త మాట అంబ్రెల్లా అని ఉన్నది.

“గీ మాట నీకెవరు నేర్పిన్రు?”

“నేనే నేర్పిస్తున్న డాడీ! ట్యూషన్ టీచర్ చీటీ మీద రాసిచ్చింది. మనసుల సదువుకుంటె మర్సిపోతమట. పదిసార్లు గట్టిగ అంటె యాదుంటదట, చిన్నోళ్ళకైనా పెద్దోళ్ళకైనా. నాకు రెండు రోజులల్ల వచ్చింది. నేను నేర్పిస్తున్న ఆమెకే నోరు తిరగలే, పది రోజులు వట్టింది. నిన్న మంచిగ అన్నది.”

“ఆమె అంటె ఎవరు?”

“చెప్పనని ఒట్టేసిన,” అనుకుంట వంటింటి దిక్కు సూసింది. పిచ్చిపిల్ల, సూడకుంటె ఎంత బాగుండు!

వంటింట్ల గౌతమి చేతిల గంటె ఆగింది. పోయిన శుక్రవారం మొగుడు పగలగొట్టిన పెదవి ఇంకా మానలేదు. పక్కన అత్త శ్యామలమ్మ తల వంచుకోని చిక్కుడుకాయలు తుంచుతున్నది.

ఉమాపతి పెండ్లాం జుట్టు వట్టి బయటికి గుంజిండు. “నా మీదనే కేసు వెడ్తవానే? గందుకే మాటలు నేర్సుకుంటున్నవా?”

“అమ్మతోడు, నాకేం తెల్వదు. నీ కాళ్ళు మొక్కుత.”

నిజంగనే ఆమెకేం తెల్వదు. కానీ తాగొచ్చిన మొగనికి నిజంతో ఏం పని? బెల్టు తీసిండు. కావ్య కెవ్వుమన్నది.

అప్పుడే తలుపు కొట్టిన్రు. తీస్తె ఇద్దరు పోలీసోళ్ళు, వాళ్ళ ఎన్క ఒక లేడీ కానిస్టేబుల్.

“ఉమాపతి ఇల్లు ఇదేనా? కంప్లైంట్ వచ్చింది.”

ఉమాపతి చేతిలకెల్లి బెల్టు జారింది. తల్లి దిక్కు మర్లి ఏడ్పు గొంతుతోని అన్నడు: “సూసినవా అమ్మా, నీ కోడలు ఎంత పని జేసిందో! జర నువ్వన్న చెప్పు, నేనసుంటోన్ని గాదని!”

శ్యామలమ్మ మెల్లగ లేసి, కోడలికి అడ్డం వచ్చి నిలవడ్డది.

“మీ నాయన నన్ను కొట్టిననాడు నాకు గీ మాట రాదురా. ఇప్పుడు నేర్సుకున్న. పొద్దుగాల ఠాణాకు పోయింది కోడలు గాదు, నేను.”