అన్న మాట

“రాయన్నా. దూది ఇంక మూడు దినాలే బతుకుతదని రాయి,” అంటూ ఊర్మిల కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఎల్లేశం ఇన్‌లాండు కవరు మోకాలి మీద పెట్టుకుని పెన్ను విదిలించాడు.

ఉత్తరం భివండికి, అక్కడ సాంచలు అనే మరమగ్గాలు నడిపే ఆమె భర్త దేవయ్యకు. తాను లేనప్పుడు తోడుంటుందని ఈ తెల్ల బొచ్చు కుక్కపిల్ల దూదిని సంచిలో దాచి రైల్లో తెచ్చిచ్చింది అతనే.

ఇప్పుడు దానికి గండం వచ్చిపడింది.

ఆ పొద్దునే తంగళ్ళపల్లిలో, ఇంటెదుటి కార్ఖానా చూరు కింద, గోడకు ఒక కాగితం వెలిసింది. ఊళ్ళో కుక్కలు ఉండొద్దు, గడువు మూడు రోజులు. నక్సలైట్ల దళం వచ్చినప్పుడు మొరిగి పోలీసులకు జాడ చెబుతున్నాయట. చదువు రాని ఊర్మిలకు పక్కింటివాళ్ళు చదివి చెప్పారు.

దూది మాత్రం నూలు కండెల గంపలో హాయిగా గురక పెడుతోంది.

“గింతంత పానం. గిది ఎవ్వల జాడ చెప్తదన్నా?”

“దీని తాతముత్తాతలు గింతంత లేకుండె చెల్లె. మంచు దేశంల బండ్లు గుంజేటియి. ఓ రాణి మోజుపడి, ఒళ్ళె పట్టేటట్టు చిన్నగ చేయించింది.”

“రాణి ఒళ్ళెదా గిది!”

“ఆ. గిప్పుడు బట్టలు నేసే సాలోళ్ళ గంపల పండింది. మంచిగనే అయింది.”

“ముచ్చట్లన్ని ఎరుకనే గని, పోగులు అతుకుడు రాదాయె నీకు!”

నెల కింద కార్ఖానాలో కుదిరిన ఎల్లేశం ఒక పోగు అతికేలోపు రెండు తెంపేవాడు. అందరూ నవ్వేవారు. తానూ నవ్వేవాడు.

“దూదిని ఉండనియ్యి. సాంచల మోతల గిది మొరిగితే పక్కింటికే ఇనరాదు.”

“పరశురాములు మామ అడిగితే?”

“నేను జెప్పిన్నని జెప్పు.”

“నువ్వేమన్న కలెక్టరువా?”

మూడో రోజు పరశురాములు తాడు, కట్టె పట్టుకుని రానే వచ్చాడు. ఊరి పెద్ద కాబట్టి ఆ పాడు పని అతని నెత్తిన పడింది.

“తే బిడ్డా. నాకు మాత్రం పానం ఒప్పుతాందా?”

ఊర్మిల దూదిని గుండెకు హత్తుకుని నోటికొచ్చింది అనేసింది.

“అన్న ఉండనియ్యుమన్నడు మామా!”

“ఏ అన్న?”

“ఏ అన్నేంది? అన్ననే. మొన్న గీ గంప కాడ కూసోని జెప్పిండు.”

పరశురాములు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“గా మాట ముందుగాల జెప్పొద్దా తల్లీ!” అంటూ చెప్పులు అక్కడే వదిలేసి పోయాడు. సాయంత్రం దూదికి గిన్నెడు పాలు కూడా పంపాడు.

అప్పుడు వెలిగింది ఊర్మిలకు. ఆ రోజుల్లో ఊళ్ళో అన్న అంటే అడవిలోని అన్నే. పొట్ట పట్టుకుని నవ్వింది. సంగతి విని ఎల్లేశం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

“అసలు అన్నలకు తెలిస్తే?”

“ఏమనరు తియ్యి.”

మర్నాడు అతను పనికి రాలేదు. మళ్ళీ ఎక్కడా కనపడలేదు. పని రానివాడు ఎన్నాళ్ళుంటాడని అందరూ మరిచిపోయారు.

దసరాకు దేవయ్య వచ్చాడు. దూది ఎగిరి అతని ఒళ్ళో పడింది. చూసి ఊర్మిలకు కడుపు నిండిపోయింది.

“దీన్ని సంపుతరని రాయిస్తే బాగ రంది పడ్డవా?”

“సంపుడేంది? కుక్క బాగున్నది, రంది పడకు అని గదా రాయించినవ్!” దేవయ్య జేబులోంచి ఉత్తరం తీశాడు.

“నేను గట్ల చెప్పనే లేదు!”

దేవయ్య ఉత్తరం పట్టుకుని కార్ఖానా గోడ దగ్గరికి నడిచాడు. చింపే ధైర్యం ఎవరికీ లేక ఆ పాత కాగితం ఇంకా అక్కడే ఉంది. ఉత్తరం దాని పక్కన పెట్టి చూశాడు.

“ఊర్మిలా, గీ ఉత్తరం రాసినాయనకు ఒక్కపూటన్న చాయ్ పోసినవా?”

“లేదు. పోగులు అతకరాదని నవ్విన. ఏమైంది?”

దేవయ్య ముందు ఉత్తరంలో, తర్వాత గోడ మీది కాగితంలో, ‘కుక్క’ అన్న చోట వేలు పెట్టి చూపించాడు. రెండింట్లోనూ తలకట్టు ఒకే తీరుగా కొడవలిలా వంగి ఉంది, రాసిన చెయ్యి ఒక్కటేనని చదువు రాని ఊర్మిలకు కూడా తెలిసిపోయింది.